పసిపిల్లలకు మన చేతి కుట్టు కానుక

అఖీఖా పిలుపు అందిన ఇంట మొదట కలగవలసినది సంతోషం. కాని ఇటీవల అనేక ఇళ్లలో మొదట మొదలవుతున్నది లెక్క. వారు మన పిల్లవాని బిస్మిల్లాకు ఏమిచ్చారు? ఇప్పుడు మనం ఎంత పెట్టాలి? పెట్టినది పదిమందిలో చిన్నదిగా కనిపించదు కదా? చదివింపుల పుస్తకంలో పేరు ప్రక్కన వ్రాసే అంకె బంధుత్వానికి కొలబద్ద అయినది. బోనకల్ ప్రాంతంలో మేము ఎరిగిన కుటుంబాలలోనే, పత్తి చేతికి రాని ఏడు, "ఒట్టి చేతులతో ఎట్లా పోవాలి ఆపా?" అని సొంత ఆడపడుచు మనుమరాలి అఖీఖాకు వెళ్లక ఆగిపోయినవారు ఉన్నారు. పదిమందినీ ఒకచోట చేర్చవలసిన వేడుక, ఉన్నవారికి దారి తెరిచి లేనివారికి తలుపు మూసినట్లయినది.

బోనకల్ ఖమ్మానికీ మధిరకూ నడుమ, కాజీపేట నుండి విజయవాడకు పోయే రైలు మార్గం మీద ఉన్న ఊరు. సాగర్ ఎడమ కాలువ నీరు అందిన చోట వరి, అందని నల్లరేగడిలో పత్తి, మిరప. పత్తి తీత సాగే నెలల్లో మా రోడ్ల ప్రక్క తుమ్మకొమ్మలకు కూడ దూది పింజలు పట్టుకొని వ్రేలాడుతుంటాయి. ఇంత దూది పండే నేల మీద మన పిల్లల చేతుల్లో ఉన్నది మాత్రం పట్నం నుండి వచ్చిన నైలాను బొచ్చు ఎలుగుబంటి. ఇదే రైలు మార్గం మీద, విజయవాడకు కొంచెం ఇవతల, బొమ్మలకు పేరు మోసిన కొండపల్లి ఉన్నది. తెల్లపొణికి చెక్కతో అక్కడి వారు చేసే బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి. అయితే అవి అల్మారాలో నిలబెట్టుకొనేవి. నోట పెట్టుకొని చీకే ఎనిమిది నెలల పాపకు కావలసినవి వేరు.

పసిపిల్లల బొమ్మ, పసిపిల్లల వస్త్రం చిన్న విషయాలని తోచవచ్చు. హదీసు గ్రంథాలు వాటిని చిన్న విషయాలుగా వదిలివేయలేదు. హజ్రత్ ఆయిషా (రజి) బాల్యంలో బొమ్మలతో ఆడుకొనేవారనీ, ఆమె స్నేహితురాండ్రు దైవప్రవక్త (స) రాకతో సిగ్గుపడి దాగుకొంటే ఆయనే వారిని పిలిచి మళ్లీ ఆటకు పంపేవారనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. అబూదావూద్ గ్రంథంలోని ఉల్లేఖనం మరింత ముచ్చటైనది. దైవప్రవక్త (స) తబూక్ నుండో ఖైబర్ నుండో తిరిగివచ్చిన వేళ గాలికి తెర తొలగి ఆమె బొమ్మలు కనిపించాయి. వాటి నడుమ ఒక గుర్రం, దానికి రెండు రెక్కలు. ఆ రెక్కలు గుడ్డ పేలికలతో చేసినవని ఉల్లేఖనమే చెబుతున్నది. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. సులైమాన్ ప్రవక్త గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆయన దవడపళ్లు కనిపించేటంతగా నవ్వారు.

దర్జీ అంగడిలో ఊడ్చి పారవేసే పేలికల మూటను చూసినప్పుడల్లా మాకు ఆ రెక్కలే గుర్తుకు వస్తాయి.

ఇక రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన సంగతి తల్లులందరికీ సంబంధించినది. ఆషూరా ఉపవాసం నాడు మదీనా స్త్రీలు తమ చిన్నారుల చేత కూడ ఉపవాసం పాటింపజేసేవారు; ఉన్నితో ఆటబొమ్మలు చేసి ఉంచి, పిల్లవాడు ఆకలితో ఏడ్చినప్పుడు వాటిని చేతికిచ్చి ఇఫ్తార్ వేళ దాకా మరపించేవారు. అనగా ఆ బొమ్మలు కొన్నవి కావు, తల్లులు తమ చేతులతో చేసినవి. వస్త్రాల విషయమూ ఉన్నది. ఒకమారు దైవప్రవక్త (స) వద్దకు చారల అంచుగల చిన్న నల్లని వస్త్రం ఒకటి వచ్చింది. అబిసీనియాలో పుట్టి పెరిగిన ఉమ్మె ఖాలిద్ అనే చిన్నారిని పిలిపించి, స్వహస్తాలతో ఆమెకు తొడిగి, అది అరిగి చిరిగేదాకా తొడుక్కోవాలని దీవించి, ఆమెకు తెలిసిన అబిసీనియా మాటలోనే బాగున్నదని మెచ్చుకొన్నారు. ఆయన తన బట్టకు తానే కుట్టు వేసుకొనేవారని కూడ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. కావున సూది పట్టడం ఆడవారికే పరిమితమని భావించే సోదరులు కూడ ఈ వ్యాసాన్ని ఇక్కడ ఆపవలసిన పని లేదు.

కానుక చిన్నదైనదని బెంగపడేవారికి ఒక మాట. ముస్లిం స్త్రీలనే ఉద్దేశించి దైవప్రవక్త (స) చెప్పిన హితవు బుఖారీలో ఉన్నది: పొరుగింటామె ఇచ్చినది గొర్రె గిట్టయినా సరే తేలికగా చూడరాదని. ఇచ్చే చేతి కంటె పుచ్చుకొనే చేతికి ఆ మాట ఎక్కువగా తగులుతుందని మా అభిప్రాయం.

ఇక సూది పట్టుదాం. ఇంతవరకు గుండీ ఊడితే కుట్టడం తప్ప మరేమీ తెలియని సోదరికి కూడ నెల రోజుల మధ్యాహ్నాలు చాలు. మిషను అవసరం లేదు. ఉంటే మంచిదే, కాని మొదటి కానుకకు చేతికుట్టే మేలు; చిన్న వస్తువు వంపుల దగ్గర మిషను అలవాటు లేని చేతికి లొంగదు. కావలసిన కుట్లు మూడు. సూది క్రిందికీ పైకీ దూసుకుంటూ ముందుకు సాగే వరుస కుట్టు మొదటిది. రెండవది ఒక అడుగు వెనుకకు వేసి రెండడుగులు ముందుకు పోయేది. మన ఇళ్లలో దీనిని బఖియా అంటారు, పిల్లల వస్తువులకు ప్రాణం ఇదే, ఎందుకంటే ఒకచోట దారం తెగినా వరుసంతా ఊడిరాదు. మూడవది అంచు మడిచి వేసే తుర్పాయి, టైలర్లు హెమ్మింగ్ అంటారు. సూదుల అంకెలలో ఒక తిరకాసు ఉన్నది: చేతి సూదికి అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మిషను సూదికి అంకె పెరిగేకొద్దీ లావెక్కుతుంది. అంగడిలో అడిగేటప్పుడు ఏ సూదో చెప్పి అడగాలి. మెత్తని నూలు బట్టకు చేతి సూది 9 నంబరుది సరిపోతుంది. దారం మూరెడుకు మించి తీయకూడదు. పొడుగు దారం చిక్కుపడి, కొత్తగా కుట్టేవారి ఓపికను మొదటి రోజే తినేస్తుంది.

బట్ట ఎక్కడిది? మొదటి చోటు మన పెట్టె. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర, లుంగీ, తెల్ల ధోవతి. పుట్టిన బిడ్డకు కొత్తబట్ట కాక పాతబట్టతో పొత్తిగుడ్డలు చేసే మన పెద్దల అలవాటులో పేదరికం కంటె తెలివి ఎక్కువగా ఉన్నది. కొత్త బట్టకు పట్టించిన గంజి, రంగు పసిచర్మానికి పడవు. కొత్త బట్టే తేవాలనుకొంటే మల్లు, పాప్లిన్ చాలు. ముందుగా ఒక రాత్రి నీటిలో నానవేసి, ఉతికి, ఎండలో ఆరవేసి, ఆ తరువాతే కత్తెర పెట్టాలి. నూలు బట్ట మొదటి ఉతుకుకు కుదించుకుపోతుంది. కుట్టిన తరువాత కుదించుకుపోతే కుట్లన్నీ ముడతలు పడతాయి. ఎరుపు, ముదురు నీలం బట్టలను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. రంగు అంటితే ఆ బట్ట పెద్దల సంచికి పనికి వస్తుంది గాని, నోట పెట్టుకొనే పిల్లలకు కాదు.

రెండవ చోటు దర్జీ అంగడి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అంగడిలో మిగిలిన ముక్క దర్జీది కాదు, బట్ట ఇచ్చినవారిది. అది అమానతు. చాలామంది ఖాతాదారులు ముక్కలు మాకొద్దు అని వదిలిపెట్టి పోతారు. అటువంటివి అడిగి తెచ్చుకోవడంలో తప్పు లేదు. కాని అరగజం ముక్కను పేలిక పేరుతో ప్రక్కకు తీసి ఇచ్చే అంగళ్లూ ఉన్నాయి. పసిబిడ్డకు ఇచ్చే కానుక అటువంటి ముక్కతో మొదలు కాకూడదు. "ఇది ఎవరిది, వారు వదిలేసినదేనా?" అని ఒక మాట అడగడం వలన మనకు పోయేది ఏమీ లేదు.

మొదటి కానుకగా మేము చెప్పేది బొంత. నాలుగు మూలలూ సూటిగా ఉండేది, కొలత తప్పినా ఎవరికీ కనిపించనిది, బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా పనికివచ్చేది ఇదొక్కటే. గజం చదరం, అనగా 36 అంగుళాల పొడవు, 36 అంగుళాల వెడల్పు చాలు. పాత అట్ట మీద 7 అంగుళాల చదరం గీసి కత్తిరించి, దానిని అచ్చుగా పెట్టి 36 ముక్కలు కోయాలి. ప్రతి ప్రక్కనా అర అంగుళం కుట్టులోకి పోగా, ఒక్కొక్కటి 6 అంగుళాల చదరంగా మిగులుతుంది. వరుసకు ఆరు, ఆరు వరుసలు. ముందు ఒక వరుసలోని ఆరింటినీ కలిపి కుట్టి, అటు తరువాత వరుసకు వరుస జోడించాలి. ముక్కలను నేల మీద పరచి, రంగులు నచ్చేదాకా అటూ ఇటూ మార్చుకోవడం ఈ పనిలోని అసలైన ఆనందం; ఇంట్లోని పెద్దపిల్లలను ఆ పనికి పిలిస్తే గంట సేపు అల్లరి ఉండదు. ఆపై వెనుక భాగానికి పాత చీర ముక్క, నడుమ మరొక పాత చీర పొర. మూడింటినీ నేల మీద ముడత లేకుండా పరచి, నడుమ నుండి అంచులకు దూరదూరంగా కచ్చాకుట్టు వేసి, వరుస కుట్టుతో బిగించి, చివర అంచు మడిచి తుర్పాయి చేయాలి. కచ్చాకుట్టు దారాలను చివర ఒక్కటి కూడ మిగలకుండ లాగివేయాలి. వదులు దారపు ఉచ్చు పసివేలికి చుట్టుకొంటే రక్తం ఆగిపోతుంది. మాటలు రాని బిడ్డ ఏడుపు ఎందుకో తల్లికి తెలియదు.

నడుమ పొరగా దూది పెట్టవచ్చునా అని అడుగుతారు. పెట్టవచ్చు, కాని దూదిని ఏకి సమంగా పరచడం ఒక విద్య. తెలుగు ముస్లిములలో ఆ విద్యనే ఇంటిపేరుగా మోసిన సమాజం ఉన్నది. దూదేకులవారు, నూర్‌బాషాలు, పింజారీలు, లద్దాఫులు అన్న పేర్లన్నీ ఆ పనికి ముడిపడినవే. భుజాన పెద్ద విల్లు వేసుకొని ఊరూరా తిరిగి, నారి మ్రోగిస్తూ గడ్డకట్టిన దూదిని మబ్బుతునకల్లా విడదీసి పరుపులు, బొంతలు నింపినవారు వారు. ఆ నారి చప్పుడు వీధి మొదట వినిపించగానే ఇళ్లలోని పాత దిండ్లన్నీ బయటికి వచ్చేవని పెద్దలు చెబుతారు. ఇప్పుడా పని చాలావరకు యంత్రాల పాలైనది. మీ ఊళ్లో ఆ పని ఎరిగిన పెద్ద ఉంటే, బొంత కుట్టడం మొదలుపెట్టక ముందే ఒకమారు వెళ్లి కూర్చోండి. ఏ పుస్తకంలోను దొరకని సంగతులు ఆ వేళ్లకు తెలుసు.

భద్రాచలం వైపు అడవులలో బూరుగు చెట్లు ఉన్నాయి. బూరుగు దూది దిండ్లకు హాయి, కాని పసివారి బొమ్మలకు మేము దానిని వద్దంటాము. అది నున్నగా జారే పోగు, సన్నని కుట్టు సందులోనుండి కూడ వెలికివచ్చి ముక్కులోకి పోతుంది. నేల పత్తితో నింపిన బొమ్మను ఉతికితే లోపల తడి ఆరక బూజు పట్టే భయం ఉన్నది. కావున నోట పెట్టుకొనే వయసు బిడ్డ బొమ్మకు, మెత్తని నూలు పేలికలనే వడ్లగింజంతగా కత్తిరించి వదులుగా నింపడం మేలు. అది ఎండలో ఒక పగలు పెడితే ఆరుతుంది.

గుడ్డ బంతికి ఒక చిన్న లెక్క చాలు. తామర రేకు ఆకారంలో ఆరు ముక్కలు. రేకు పొడవులో మూడో వంతు దాని నడిమి వెడల్పు ఉండాలి. 6 అంగుళాల పొడవైతే 2 అంగుళాల వెడల్పు. దానికి చుట్టూ పావు అంగుళం కుట్టు కోసం వదిలి కోయాలి. ఆరింటినీ తిరగవేసి బఖియాతో కలిపి, రెండు వేళ్లు దూరేంత సందు విడిచి, మంచివైపు పైకి వచ్చేలా తిప్పి, నింపి, సందు మూసివేస్తే దాదాపు నాలుగంగుళాల బంతి వస్తుంది. ఇది పాకే బిడ్డ రెండు చేతులకూ అందుతుంది, నోట పట్టదు.

నోట పట్టకపోవడం అన్నది ఇక్కడ అన్నిటికంటె ముఖ్యం. మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే దేనికీ గుండీలు, పూసలు, గజ్జెలు, అద్దాలు కుట్టకూడదు. మన జిల్లా తండాలలోని లంబాడీ సోదరీమణుల అద్దాల కుట్టు ఎంతో అందమైనది. అది పెద్దపిల్ల సంచికి బాగుంటుంది, ఊయలలోని బిడ్డకు కాదు. బొమ్మల భద్రతా ప్రమాణాలలో ఒక పరీక్ష ఉన్నది: 31.7 మిల్లీమీటర్ల వ్యాసంగల చిన్న గొట్టంలో ఇమిడే భాగమేదీ ఆ వయసు వారి బొమ్మలో ఉండరాదు. ఇంట్లో అంత కొలత ఎక్కడిదంటే, ఒకటింబావు అంగుళం అని గుర్తుంచుకోండి. కట్టుతాళ్లు, నాడాలు జానెడుకు తక్కువగానే ఉండాలి. అంతకు మించితే మెడకు చుట్టుకొంటాయి. ఏడాది నిండని బిడ్డ నిద్రించేచోట దిండు గాని, బొమ్మ గాని, వదులైన బొంత గాని పెట్టవద్దని వైద్యులు చెబుతున్నారు. తల గుండ్రంగా రావడానికని ఆవాల దిండు కుట్టి ఇవ్వడం మన వైపు ఉన్నది. ఆ ముచ్చట వదులుకోవాలని మా సూచన. కుట్టు విడితే ఆవగింజ ముక్కులో పడుతుంది, బొంతను ఊయలలో కాక తల్లి కళ్ల ముందు నేల మీద పరుచుకోవాలి.

అన్నిటికంటె భయపడవలసినది సూది. పని మొదలుపెట్టేటప్పుడు సూదులు, గుండుసూదులు లెక్కించి ఆ అంకెను సుద్దముక్కతో పెట్టె మూత మీద వ్రాయాలి. లేచేటప్పుడు మళ్లీ లెక్క. ఒక్కటి తగ్గితే దొరికేదాకా ఆ వస్తువు ఇల్లు దాటకూడదు. విరిగిన సూది రెండో ముక్క కూడ చేతికి రావాలి. చిన్న అయస్కాంతం ఒకటి పెట్టెలో ఉంచుకొంటే వెదుకులాట తగ్గుతుంది.

తొడిగే వస్తువులలో కొత్తవారికి సులువైనది ముందు వైపు తెరుచుకొనే జుబ్బా. మెడ నిలవని బిడ్డ తల మీదుగా బట్ట దించడం తల్లికి కష్టం కనుక ముందు తెరుపే మంచిది. కుట్టు మడతలు చర్మానికి ఒరుసుకోకుండా కొందరు వాటిని బయటికే ఉంచుతారు, అది తెలివైన పని. టోపీ కుట్టేవారు ఒకటి గమనించాలి: పుట్టినప్పుడు బిడ్డ తల చుట్టుకొలత సుమారు 14 అంగుళాలు, ఏడాదికి సుమారు 18. అఖీఖాకు ఇచ్చే టోపీ ఆనాటి తలకు కుట్టితే ఈద్ వచ్చేసరికి పట్టదు. రాబోయే ఈద్‌కు ఎన్ని నెలలున్నాయో చూసి కుట్టాలి. జరీ, నెట్టు గుచ్చుకుంటాయి. మగపిల్లలకు పట్టు తొడగడాన్ని హనఫీ విద్వాంసులు అయిష్టకరమన్నారు కూడ.

బిస్మిల్లాకు ఇచ్చేది సంచి. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు అక్షరం చెప్పించడం మన ప్రాంతపు ఆచారమే గాని ధార్మిక విధి కాదు. అయినా ఆ రోజు పిల్ల చేతిలో ఖాయిదాకు తగిన గుడ్డ సంచి ఉంటే మక్తబ్‌కు పోయే ఉత్సాహం వేరుగా ఉంటుంది. ఖాయిదానే బట్ట మీద పెట్టి, చుట్టూ రెండంగుళాలు వదిలి గీసుకోండి. లోపల లైనింగు, పైన మూత, రెండు పొట్టి పిడులు. పేరు గొలుసు కుట్టుతో వేస్తే పోగొట్టుకోదు.

చివరికి ఆ గుర్రం. బొమ్మలలో ముఖాలు, కళ్లు ఉండవచ్చునా అన్న విషయంలో విద్వాంసుల మధ్య చర్చ ఉన్నది. పిల్లల ఆటబొమ్మలను అత్యధికులు పైన చెప్పిన హదీసుల ఆధారంగా అనుమతించారు, కొందరు జాగ్రత్తగా ముఖరేఖలు లేకుండా ఉండడమే మేలన్నారు. మా ఇంటి గుర్రాలకు కళ్లు లేవు. గుండీ కన్ను ఊడి గొంతులో పడే భయమూ దానితోనే తీరింది, ఇక పిల్లలు ఎన్నడూ ఆ లోటు అడగలేదు. గుర్రం ఆకారాన్ని కాగితం మీద ప్రక్కనుండి గీయాలి; కాళ్లు సన్నగా కాక రెండు వేళ్ల మందాన, మెడ పొట్టిగా ఉండాలి, లేకుంటే తిప్పేటప్పుడు గుడ్డ రాదు. రెండు ముక్కలు కలిపి కుట్టి, కాళ్ల సందులలో కుట్టు తెగకుండా చిన్న గాట్లు పెట్టి, పెన్సిలు వెనుక భాగంతో మెల్లగా తిప్పి నింపాలి. జూలుకు ఊలు దారాలు వద్దు, పీకితే ఊడి నోట్లోకి పోతాయి; మడిచిన గుడ్డపట్టీ చాలు. రెక్కలు మాత్రం రంగురంగుల పేలికలు అతికినవి కావాలి. ఒక్కొక్క రెక్కను రెండు పొరలుగా కుట్టి, మొదలును ఒంటి కుట్టులోపలికి దూర్చి రెండుసార్లు బఖియా వేయాలి. పిల్లలు గుర్రాన్ని పట్టుకొనేది రెక్కతోనే.

ఈ పని చేయి తిరిగి, అమ్మకానికి కుట్టాలన్న ఆలోచన వచ్చినవారు తెలుసుకోవలసినది: మన దేశంలో 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి అయినది. చేతివృత్తుల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన చేతిపనివారి బొమ్మలకు మినహాయింపు ఉన్నది. బంధువులకు ఇచ్చుకొనే కానుకకు ఈ గొడవ లేదు.

కానుక పట్టుకొని వెళ్లే ముందు ఆ ఇంట్లో పిల్లలెందరో తెలుసుకొని వెళ్లండి. నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఒక్క కొడుకుకే కానుక ఇచ్చి సాక్ష్యం కోరితే, మిగిలిన బిడ్డలకూ ఇచ్చావా అని అడిగి, లేదన్నందుకు దైవప్రవక్త (స) సాక్ష్యం నిరాకరించారు. అది తండ్రి విషయంలో వచ్చిన మాట; అయినా అఖీఖా ఇంట్లో ఊయల చుట్టూ అందరూ మూగినప్పుడు, తలుపు వారగా నిలబడి చూసే మూడేళ్ల అక్క ఒకతె ఉంటుంది. బొంతలో మిగిలిన ముక్కలతో ఆమెకొక గుర్రం కుట్టండి. అదే బట్ట కనుక చెల్లెలి బొంతలో తన గుర్రం రెక్క రంగు ఎక్కడున్నదో ఆమే వెదికి పట్టుకొంటుంది.